స్వామివారు ఊళ్ళో లేరు

ఏలూరు కొత్త బస్టాండు ఎదురుగా మా పెదనాన్న ఫ్లెక్సీ కట్టి నెల దాటింది. ఇంకా ఎవరూ విప్పలేదు. ఇస్త్రీ చొక్కా, నుదుట నిలువు నామం, రెండు చేతులూ జోడించి నవ్వు మొహం. కింద ‘ధర్మమూర్తికి అశ్రునివాళి’ అని ఎర్రటి అక్షరాలు. నేను తాడేపల్లిగూడెంలో ఒక జూనియర్ కాలేజీలో కెమిస్ట్రీ చెబుతాను. రోజూ పొద్దున్నే బస్సు అక్కడే ఎక్కాలి. బస్సు వచ్చేదాకా ఆయన నాకు నమస్కారం పెడుతూనే ఉంటాడు, నేను మొహం తిప్పుకుని జామకాయల బండి వైపు చూస్తూ ఉంటాను.

తెలియనివాళ్ళు ఆ ఫొటో చూసి ఎంత వినయమో అనుకుంటారు. మాకు తెలుసు. ఆయన చేతులు జోడించాడంటే ఆ పని ఇక జరగదని అర్థం. కూలి పెంచమని అడిగిన మనుషులకీ, దారి వదలమని అడిగిన పక్క చెరువు రైతుకీ, చందా కోసం వచ్చిన కుర్రాళ్ళకీ అదే నమస్కారం, దాని వెనకే అదే మాట. “తొందరేవుందండీ, చూద్దాం లెండి!” జన్మలో ఎవరికీ ‘కుదరదు’ అని చెప్పి ఎరగడు. ఆ ఒక్క మాట మొహం మీద చెప్పి ఉంటే చాలామంది బతుకులు బాగుపడేవి.

ఆయన మర్యాద గురించి ఊళ్ళో కథలు కథలుగా చెప్పుకునేవారు. దారికి అడ్డంగా పడుకున్న కుక్కని కూడా “కాస్త తప్పుకోండి” అంటాడని ఫ్యాక్టరీలో హాస్యం. ఈ లోకంలో ఆయన ‘ఒరేయ్’ అని పిలిచేది ఒక్క మా నాన్ననే. ఇద్దరే అన్నదమ్ములు, ఎనిమిదేళ్ళు తేడా. ఆ పిలుపు కూడా నాన్న పంపించిన లాయరు నోటీసు అందిన రోజుతో ఆగిపోయింది. ఆ సాయంత్రం ఎదురింటి అరుగు మీద నుంచి గొంతెత్తి, “తమ్ముడు గారూ, మీ నోటీసు అందిందండీ. చాలా సంతోషం” అన్నాడు. మా ఇళ్ళు ఎదురెదురే. నాన్న లోపలికి వచ్చి మంచినీళ్ళు తాగి, “తిట్టినా బావుండేదే” అన్నాడు. మర్యాదతో మనిషిని గుమ్మం బయట నిలబెట్టడం ఎలాగో నేను ఆ రోజు చూశాను.

గొడవంతా ఐసు ఫ్యాక్టరీది. పెదపాడు దాటాక కొల్లేటి వైపు వెళ్ళే రోడ్డు పక్కన మా తాత పెట్టింది. చుట్టుపక్కల చేపల చెరువుల వాళ్ళు చేపలు పట్టే రోజున ఐసు దిమ్మలు మా దగ్గరే కొనేవారు. తాత పోయే ముందు కొడుకులిద్దరికీ భాగస్వామ్య ఒప్పందం రాసిపెట్టాడు. బేరాలు, ఆఫీసులు పెదనాన్నవి. మిషను నాన్నది. నాన్న చదివింది పదో తరగతే గానీ కంప్రెసరు ముందు నిలబడితే ఇంజనీరే. ఆయన పక్కన మస్తాన్ అని ఆపరేటరు. ఏలూరు మనిషి, వాళ్ళ నాన్న కూడా ఆ మిషను దగ్గరే పనిచేశాడు. రెంచి అడగకుండానే చేతిలో పెట్టేవాడు.

నీళ్ళని గడ్డ కట్టించేది అమ్మోనియా. పైపుల్లో తిరుగుతున్నంతసేపూ అది బుద్ధిమంతురాలు. బయటికి వచ్చిందంటే ముందు కళ్ళు, తరవాత ఊపిరితిత్తులు. ఇది నేను ఏటా పిల్లలకి చెప్పే పాఠమే. మా ఫ్యాక్టరీ పైపులు తాతనాటివి. ఒక జాయింటు తుప్పు పట్టింది, సేఫ్టీ వాల్వు పనిచేస్తుందో లేదో దేవుడికి తెలియాలి. మార్పిద్దాం అన్నయ్యా అని నాన్న రెండేళ్ళు అడిగాడు. పెదనాన్న గోడ మీది పటం వైపు చూపించి, “స్వామివారి వాటా ఉన్న ఫ్యాక్టరీరా ఇది. ఇన్నేళ్ళలో ఒకడి గోరు ఊడిందా? తొందరేవుంది?” అనేవాడు. తమ్ముడే గనక చేతులు జోడించేవాడు కాదు, అంతే తేడా.

ఆఖరికి నాన్నకి భయం పట్టుకుంది. “రేపు ఎవడికైనా ఏదైనా అయితే లైసెన్సు మీద నా పేరు కూడా ఉంటుంది. నేను బయటికి వచ్చేస్తాను” అన్నాడు. ఆయనకి వాటా మీద కూడా అంత ఆశ లేదు. ఆ కాగితాల మీంచి తన పేరు పోవాలి, అంతే. ప్లీడరు దగ్గరికి నేనే తీసుకెళ్ళాను. ఒప్పందంలో గడువేమీ రాయలేదు గనక ఒక భాగస్వామి మిగతా భాగస్వాములకి నోటీసు ఇస్తే చాలు, ఫర్ము రద్దయిపోతుందన్నారాయన. నెలలో అయిపోయే పని అన్నారు.

అది తొమ్మిదేళ్ళు పట్టింది. కారణం స్వామివారు.

మా వ్యాపారస్తుల ఇళ్ళల్లో కొట్టు పెట్టినప్పుడు దేవుడికింత వాటా అని అనుకోవడం మామూలే. తాత భక్తి అక్కడితో ఆగలేదు. ఒప్పందం కాగితంలోనే మూడో భాగస్వామిగా ద్వారకా తిరుమల వేంకటేశ్వర స్వామివారిని రాయించాడు. రూపాయికి అణా వాటా. కింద కొడుకుల సంతకాలు ఉన్నచోట మూడో గీత మీద స్వయంగా నామాలు దిద్దాడు. మా ప్లీడరు గారు అది చదివి కళ్ళకి అద్దుకుని, “ఇది భక్తండీ, లెక్కలోకి రాదు” అని నోటీసు పెదనాన్న ఒక్కడికే పంపించారు. ఇంత చిన్న సందు దొరికితే మా పెదనాన్న అందులోంచి లారీ తోలగలడని ఆయనకేం తెలుసు!

నోటీసుతో పని జరక్కపోయేసరికి నాన్న కోర్టులో దావా వేశాడు. పెదనాన్న వేసిన జవాబు సారాంశం ఇది. ఫర్ములో భాగస్వాములు ముగ్గురు. నోటీసు ఒక్కరికే వచ్చింది. స్వామివారికి రాలేదు. కాబట్టి రద్దు చెల్లదు.

సరే, స్వామివారికీ పంపిద్దాం, ఎవరి పేర పంపాలి అని మా ప్లీడరు అడిగితే, ఆయన వాటా వ్యవహారాలు ఇన్నాళ్ళూ తానే చూస్తున్నానని పెదనాన్నే చెప్పాడు. దాంతో ‘స్వామివారి తరఫున’ అని పెదనాన్న పేరు రాసి రెండో నోటీసు రిజిస్టరు పోస్టులో పంపాం. అది వచ్చిన రోజు నేను మా వరండాలో కూరగాయలు తరుగుతున్నాను. ఎదురింటి అరుగు మీద పెదనాన్న పేపరు చదువుతున్నాడు.

“రిజిస్టరు పోస్టండీ. స్వామివారి తరఫున అని మీ పేరుందండీ” అన్నాడు పోస్ట్‌మాన్.

“నాక్కాదు కదండీ, స్వామివారికి కదా?”

“ఆయన తరఫున మీరు సంతకం పెట్టాలేమోనండీ.”

“ఆయనతో మాట చెప్పకుండా నేనెలా పెడతానండీ? స్వామివారు ఊళ్ళో లేరు.”

“ఎప్పుడొస్తారండీ?” పాపం ఆ పిల్లాడు నిజంగానే అడిగాడు. కొత్తగా ఉద్యోగంలో చేరినవాడు, స్వామివారంటే ఎవరో మఠంలో ఉండే పెద్దమనిషి అనుకున్నట్టున్నాడు.

“చెప్పలేమండీ. బ్రహ్మోత్సవాలు నడుస్తున్నాయి కదా, ఆయనకి ఊపిరాడదు” అన్నాడు పెదనాన్న. చేతులు జోడించి, ఎండలో వచ్చాడని మజ్జిగ ఇప్పించి మరీ పంపించాడు. చిరునామాదారు ఊళ్ళో లేరని రాసి ఉన్న ఆ కవరు నాలుగో రోజున మా ప్లీడరు టేబులు మీదికి తిరిగొచ్చింది. ఈసారి ఆయన కళ్ళకి అద్దుకోలేదు.

వాయిదాలు మొదలయ్యాక పెదనాన్నకి కొత్త ఊపు వచ్చింది. వాయిదా రోజున కారు హారను మా గేటు ముందే మోగేది. “ఫర్ము కారు కదండీ, తమ్ముడు గారికీ హక్కుంది, రమ్మనండి” అని డ్రైవరు చేత చెప్పించేవాడు. మొదటిసారి నాన్న ఒళ్ళుమండి ఆటోలో వెళ్ళాడు. వెంటనే ఒక పిటిషన్ పడింది, ఫర్ము ఆస్తిని వాడుకోకపోవడం ద్వారా తమ్ముడు తన హక్కులు తానే వదులుకున్నాడని. మా ప్లీడరు తల పట్టుకుని, “బాబూ, ఆ కారెక్కండి” అన్నారు. అలా వాదీ ప్రతివాదీ ఒకే కారులో తొమ్మిదేళ్ళు కోర్టుకి వెళ్ళారు. ముందు సీటులో నేను. వెనక ఇద్దరూ చెరో కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చునేవారు.

కోర్టు గేటు ముందు కారు ఆగగానే ఆయన వేషం మారేది. కాళ్ళకున్న మంచి తోలు చెప్పులు విప్పి సీటు కింద పెట్టి, ఒక సంచిలోంచి అరిగిపోయిన రబ్బరు చెప్పులు తీసి తొడుక్కునేవాడు. ఒకదానికి పిన్నీసు కూడా ఉండేది. వాచీ తీసి డ్రైవరుకి ఇచ్చేవాడు. అక్కణ్ణించి మెట్లెక్కేదాకా నడుం కాస్త వంగేది. సాయంత్రం కారెక్కగానే మళ్ళీ నిటారుగా అయ్యేవాడు. ఇన్నేళ్ళూ చూసిన డ్రైవరు ఆ రబ్బరు చెప్పుల్ని ‘కోర్టు చెప్పులు’ అనేవాడు, పెదనాన్న ముందే. ఆయన ఏమీ అనుకునేవాడు కాదు. సిగ్గుపడాలంటే ముందు అది తప్పని తెలియాలి కదా.

ఒక చేతిలో ప్రసాదం డబ్బా తప్పనిసరి. గుమాస్తాలకీ, వరండాలో కూర్చున్నవాళ్ళకీ, మా ప్లీడరుకీ కూడా పులిహోర పంచేవాడు. మా ప్లీడరు తినేవారు! అదేమిటండీ అని అడిగితే, “ప్రసాదం కాదంటే బావుండదమ్మా” అని చెయ్యి తుడుచుకునేవారు. నాకు ఒళ్ళంతా మంటగా ఉండేది.

నిజం చెప్పాలంటే ఒక విషయం ఉంది, చెప్పడం ఇష్టం లేకపోయినా చెబుతాను. వచ్చేటప్పుడు టీ బండి దగ్గర కారు ఆపించి, “తమ్ముడు గారికి పంచదార లేకుండా చెప్పవయ్యా” అని డ్రైవరుకి ప్రతిసారీ చెప్పేవాడు. నాన్నకి షుగరు వచ్చిందని మేము ఎవరికీ చెప్పలేదు. ఎలా తెలిసిందో తెలియదు. ఆ టీ నాన్న తాగేవాడు. ఆయనకి ప్రేమ లేదని నేననను. ఆ ప్రేమ వల్ల ఎవరికీ చారెడు మేలు జరగలేదని మాత్రం అంటాను.

ఆయన్ని బోనులో చూసిన రోజు ఒకటుంది. హాలు నిండిపోయింది. దేవుడు పార్ట్‌నరట అని పక్క కోర్టుల నుంచి కూడా జూనియర్లు వచ్చి నిలబడ్డారు. మా ప్లీడరు అడిగారు.

“స్వామివారు ఎప్పుడైనా ఫ్యాక్టరీకి వచ్చారాండీ?”

“రోజూ వస్తారండీ.”

“మీరు చూశారా?”

“మీకైతే కనపడరు లెండి.”

జడ్జి గారు కళ్ళజోడు పెట్టుకుని ఒప్పందం కాగితం దగ్గరగా పట్టుకు చూశారు. “ఈ నామాలు ఎవరు దిద్దారు?”

“మా నాన్నగారండీ.”

“అంటే మూడో భాగస్వామి సంతకం ఇంకొకరు పెట్టారన్నమాట.”

“కాదండీ. మా నాన్నగారి చేత స్వామివారే దిద్దించారండీ.”

హాలంతా గొల్లుమంది. జడ్జి గారు కూడా నవ్వు ఆపుకోలేక తల దించుకున్నారు. మా ప్లీడరు మాత్రం వదల్లేదు. “ఇంతకీ స్వామివారు ఈ ఫర్ములో ఏం పని చేస్తారండీ?”

“కాపాడతారండీ.”

“అందుకేనా సేఫ్టీ వాల్వు మార్పించలేదు?”

పెదనాన్న జడ్జి గారి వైపు తిరిగి రెండు చేతులూ జోడించాడు. జనం దానికీ నవ్వారు. నవ్వనిది మా నాన్న ఒక్కడే. ఆ వాయిదా తరవాత నాన్న రెండు రోజులు సరిగ్గా అన్నం తినలేదు.

ఆ రోజుల్లోనే మస్తాన్ ఫోన్ చేశాడు. నాన్న స్నానానికి వెళ్తే నేను ఎత్తాను. “అమ్మాయిగారూ, జాయింటు దగ్గర వాసనొస్తందండీ. చిన్న షావుకారు గారిని ఒకపాలి వచ్చి చూడమనండి. ఆయనకైతే చెయ్యి పెట్టగానే తెలుస్తాది” అన్నాడు. ఫ్యాక్టరీ గడప తొక్కితే తమ్ముడు ఇంకా భాగస్వామిగానే నడుచుకుంటున్నాడని వాళ్ళు రాస్తారు, జాగ్రత్త అని మా ప్లీడరు అప్పటికే చెప్పి ఉన్నారు. నాన్న తుండు కట్టుకుని వచ్చి, సంగతి విని, చొక్కా కోసం చెయ్యి చాచాడు. నేనే వద్దన్నాను. “కేసు తేలే ముందు వెళ్ళావంటే ఇన్నేళ్ళ శ్రమా బూడిదే నాన్నా” అన్నాను. నాన్న చొక్కా మళ్ళీ కొక్కేనికి తగిలించాడు. మస్తాన్‌కి ఫోన్ చేసి, “కేసు తేలనీ మస్తాన్, ఈలోగా అన్నయ్యకి చెప్పు” అన్నాడు. మస్తాన్ పెదనాన్నకి చెప్పాడు. పెదనాన్న ఏమన్నాడో నేను వేరే రాయక్కర్లేదు.

నాలుగు నెలల తరవాత, ఎండాకాలంలో, పట్టపగలు ఆ జాయింటు ఊడింది. లోపల ఆరుగురు ఉన్నారు. అయిదుగురు వెనక కిటికీలోంచి దూకేశారు. మస్తాన్ మొహానికి తడిగుడ్డ చుట్టుకుని ఇంకా లోపలికి వెళ్ళి మెయిన్ వాల్వు కట్టేసి వచ్చాడు. కట్టకపోతే గ్యాసు పక్కన ఉన్న ఇళ్ళ మీదికి పోయేది. వాళ్ళంతా బతికారు. మస్తాన్‌కి కుడికన్ను పోయింది, ఊపిరితిత్తులు సగం పోయాయి. ఇప్పుడు పది అడుగులు వేస్తే ఒకచోట ఆగాలి.

పెదనాన్న ఆసుపత్రికి ఆపిల్ పళ్ళ బుట్టతో వచ్చాడు. మస్తాన్ భార్య ముందు చేతులు జోడించి, “స్వామివారు ప్రాణం కాపాడేరమ్మా” అన్నాడు. ఆవిడ కొంగు నోట్లో కుక్కుకుని గోడ వైపు తిరిగింది. నేను అక్కడే ఉన్నాను. ఆ బుట్ట ఎత్తి ఆయన తల మీద బోర్లించాలనిపించింది. బోర్లించలేదు. మేమంతా మర్యాదస్థులం.

పోలీసులు అడిగితే ఆయన ఇచ్చిన వాంగ్మూలం చూడండి. “మిషను సంగతంతా మా తమ్ముడు గారిదండీ. నాకేం తెలీదండీ. ఫర్ము ఇంకా రద్దు కాలేదు కదండీ.” తొమ్మిదేళ్ళు ఆయన స్వామివారిని అడ్డం పెట్టుకుని ఆ ఫర్మును బతికించింది ఈ ఒక్క వాక్యం కోసమేనా అనిపించింది నాకు. కాదని తెలుసు. అంత దూరం ఆలోచించే మనిషి కాదు. ఏదీ తేల్చకుండా, ఏదీ మార్చకుండా, అందరి చేతా ‘పెద్దమనిషి’ అనిపించుకుంటూ రోజు గడపడం తప్ప ఆయనకి వేరే పథకం ఎప్పుడూ లేదు. పథకం ఉన్న దుర్మార్గుడైతే కనీసం ఎదురు నిలబడి పోట్లాడేవాళ్ళం. ఛార్జిషీటులో ఇద్దరి పేర్లూ రాశారు. మొదటి ముద్దాయి పెదనాన్న, రెండో ముద్దాయి నాన్న.

పెదనాన్న జీవితంలో తొందరపడి చేసిన పని చావడం ఒక్కటే. వాయిదాకి ముందు రోజు మధ్యాహ్నం భోంచేసి, చెయ్యి కడుక్కుంటూ పెరట్లో కూలబడ్డాడు. అంబులెన్సు వచ్చేసరికే అయిపోయింది. నాన్న చెప్పులు కూడా వేసుకోకుండా రోడ్డు దాటి పరిగెత్తాడు. వెళ్ళి ఆయన కాళ్ళ దగ్గర కూర్చుని “అన్నయ్యా, అన్నయ్యా” అని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. ఈ మనిషి కోసం ఏడుపేమిటని నాకు కోపం వచ్చింది. ఆ కోపాన్ని దాచుకోవాలని కూడా అనిపించలేదు.

సాయంత్రం ప్లీడరు గారు ఫోన్ చేశారు. “ఈ టైములో చెప్పకూడదు గానీ అమ్మా, చట్టప్రకారం భాగస్వామి పోతే ఫర్ము రద్దయినట్టే. మీ నాన్నగారు బయటపడ్డారు.” ఇన్నేళ్ళు ఇంతమంది కూర్చుని చెయ్యలేని పని ఆయన గుండె ఒక్క నిమిషంలో చేసి పెట్టింది. నేను పెరట్లోకి వెళ్ళి నవ్వుకున్నాను. ఎదురింట్లో శవం ఉంది. అయినా నవ్వుకున్నాను.

ఆ నవ్వు కర్మ అయ్యేదాకా కూడా నిలవలేదు. పన్నెండో రోజున ప్లీడరు గారే ఇంటికి వచ్చి కూర్చుని అసలు సంగతి చెప్పారు. ఫర్ము రద్దయింది గానీ ఆ ప్రమాదం ఫర్ము ఉండగా జరిగింది. చనిపోయిన మనిషి మీద క్రిమినల్ కేసు నడవదు, కొట్టేస్తారు. ఇక మిగిలిన ముద్దాయి నాన్న ఒక్కడే.

“స్వామివారో?” అన్నాను కసిగా. ఆయన నవ్వలేదు. నాన్నకి ఆ యంత్రాలతో సంబంధం లేదని, కేసులోంచి తప్పించమని డిశ్చార్జి పిటిషన్ వేద్దామని, గుమాస్తా చేత పంపిస్తానని చెప్పి వెళ్ళిపోయారు.

పేరు తీయించుకోవడానికి తొమ్మిదేళ్ళు తిరిగిన మనిషి పేరొక్కటే ఆ కాగితం మీద మిగిలింది. చచ్చి కూడా చేతులు జోడించి తప్పుకున్నాడు మా పెదనాన్న. నేను ఆ రాత్రంతా ఆయన్ని తిట్టుకుంటూనే ఉన్నాను.

మర్నాడు మస్తాన్ పలకరింపుకి వచ్చాడు. ఆటో దిగి మా మెట్ల దగ్గర రెండుసార్లు ఆగి ఊపిరి తీసుకున్నాడు. నల్ల కళ్ళద్దాలు. ముందు ఎదురింటికి వెళ్ళి పెద్దమ్మని పలకరించి వచ్చాడట. “పెద్ద షావుకారు గారు ఆసుపత్రికి రెండుసార్లు వచ్చేరండీ. మనిషి మంచోరేనండీ” అన్నాడు. నేను టీ ఇస్తూ పళ్ళు నూరుకున్నాను.

నాన్న మస్తాన్ పక్కనే కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. చాలా రోజుల తరవాత మనసు విప్పి మాట్లాడటానికి ఒక మనిషి దొరికినట్టు అన్నీ చెప్పుకొచ్చాడు. నోటీసు, స్వామివారు, కారు, వాయిదాలు. “ఈ పేరు పోవాలని తొమ్మిదేళ్ళు తిరిగాను మస్తాన్. ఆఖరికి నా పేరే మిగిలింది చూడు” అన్నాడు.

మస్తాన్ టీ గ్లాసు కింద పెట్టాడు. కాసేపు ఊపిరి కూడదీసుకున్నాడు.

“పేరు కోసం అన్నేళ్ళు తిరిగేరు కదండీ. ఆ జాయింటు పూట పనండీ. మీకూ తెల్సు, నాకూ తెల్సు. ఒక్క పూట రాలేకపోయేరాండీ?”

ఆ గొంతులో కోపం లేదు. ఉండి ఉంటే నేను ఏదో ఒకటి అనేదాన్ని. కోర్టు ఇలా చెప్పింది, ప్లీడరు అలా చెప్పాడు అని నా దగ్గర బోలెడు ఉన్నాయి. కానీ చొక్కా మళ్ళీ తగిలించమన్నది నేనే. నాన్న తల వంచుకుని తన చేతులు చూసుకుంటూ ఉండిపోయాడు. మస్తాన్ తాను అనకూడని మాట అన్నాననుకున్నాడో ఏమో, “పోన్లెండి, తలరాత” అని లేచి, ఆటో ఉంచేశానండీ అంటూ మెట్లు దిగాడు. నాన్న గేటు దాకా చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళాడు.

ఆ తరవాత మూడో రోజున గుమాస్తా డిశ్చార్జి పిటిషన్ తెచ్చాడు. సంతకం పెట్టే ముందు చదివి వినిపించమన్నాడు నాన్న. చదివాను. ‘సదరు ఫ్యాక్టరీ యంత్రాల నిర్వహణతో ఈ పిటిషనరుకు ఎటువంటి సంబంధమూ లేదు. యంత్రాల లోపం గురించి ఇతనికి ఎవరూ తెలియజేసి ఉండలేదు.’

“అది కొట్టెయ్యమ్మా” అన్నాడు నాన్న.

“ఏ మాట నాన్నా?”

“రెండూ.”

గుమాస్తా కంగారుపడ్డాడు. “అవి కొట్టేస్తే ఇంక పిటిషన్లో ఏం మిగలదండీ. కేసు మీ మీదే నిలబడిపోతాది” అన్నాడు.

“తెలుసండీ” అన్నాడు నాన్న.

నేను పెన్ను తీసుకుని రెండు వాక్యాలూ కొట్టేశాను.